తలుపు దగ్గర ఐదో ఆమె

మా ఇంట్లో గిన్నెలు తోమే ముందు సింకులో పాత తువ్వాలు నాలుగు మడతలేసి పరుస్తాం. స్టీలు మీద స్టీలు పడితే మోగుతుంది కదా, అందుకు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కుక్కర్ పెట్టం. మిక్సీ పని పన్నెండులోపే ముగించుకుంటాం. తలుపు గడియలకూ బందులకూ నెలకోసారి కొబ్బరినూనె పూస్తాం. డోర్‌బెల్ పీకేసి పదేళ్ళ పైమాటే, వచ్చినవాళ్ళు కింద నిలబడి ఫోన్ చేస్తారు. పనికి కొత్తగా కుదిరిన సువార్త మొదటిరోజు ఇదంతా చూసి "ఇంట్ల ఎవరికన్న బాగలేదా అమ్మా?" అని గుసగుసగా అడిగింది. "లేదు, మామయ్య పడుకున్నారు" అన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. సువార్త హాల్లో దండ వేసిన ఫొటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, తువ్వాలు పరిచింది. అప్పటికి మామయ్య పోయి మూడేళ్ళు.

మామయ్య తుకారాం గారు రైలు నడిపేవారు. రాత్రంతా ఇంజన్లో గడిపి పొద్దున పద్మారావు నగర్ వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తిని పడుకునేవారు. రైలు డ్రైవర్ల ఇళ్ళలో పగలే రాత్రి. ఆయన గది కిటికీకి నల్ల రగ్గు మేకులతో కొట్టేసి ఉండేది. నేను కాపురానికి వచ్చిన రెండో వారం చేతిలోంచి పప్పుగిన్నె మూత జారింది. స్టీలు మూత ఒకసారి జారితే దానంతట అది ఆగదు, గిరగిరా తిరిగి ఊరందరికీ చెప్పిగానీ పడుకోదు. మామయ్య లేచి వచ్చారు. వంటింటి గుమ్మంలో నిలబడి ఎర్రటి కళ్ళతో నన్ను చూసి, వెళ్ళి స్నానం చేసి, ఆ నిద్రలేని మొహంతోనే డ్యూటీకి వెళ్ళిపోయారు. అప్పుడు అత్తమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"చూడు బిడ్డా, ఆయన ఎనక రెండు వేల మంది కూసుంటరు. నిద్ర లేక ఆయన కన్ను మూతపడితే ఎవరి తల మీదికొస్తది? నీ తల మీదికి. నా తల మీదికి."

ఆ రోజు నుంచి రెండు వేల మంది ప్రాణాలు నా మడమల మీద పెట్టుకుని నడిచాను. నవ్వొస్తోంది కదూ? నాకూ ఇప్పుడు వస్తోంది. అప్పుడు రాలేదు.

అసలు నా కాళ్ళు వేరే పనికి పుట్టాయని నేననుకునేదాన్ని. మా నాన్న వెంకటేశ్వర్లు తెనాలి నుంచి సికింద్రాబాద్ వచ్చి మందుల షాపు పెట్టుకున్నాడు. నాకు ఆరేళ్ళప్పుడు వీరరాఘవమ్మ గారి దగ్గర కూచిపూడిలో చేర్చాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేది. కళ్ళు మూసుకునే మా తప్పులు పట్టేది. "నువ్వొచ్చావని ముందు నేలకి తెలియాలే పిల్లా, ఆ తర్వాతే జనానికి" అనేది. పదహారేళ్ళు నేర్చుకున్నాను, పెళ్ళికి ముందు రెండు బడుల్లో నేర్పాను. ఇక్కడికొచ్చాక మొదటి ఆదివారం మేడమీద సాధన చేశాను. అత్తమ్మ వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడి చూసింది. "మంచిగనే ఎగురుతున్నవు గానీ, మీ దిక్కు ఆడోళ్ళు గిట్లనే నడుస్తరా? ఇల్లు అదురుతుంది" అంది. కసురుకోలేదు. అదే వచ్చిన చిక్కు, ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ కసురుకోరు, కసిరితే చప్పుడవుతుంది. మా ఆయన యుగంధర్‌తో చెప్పుకుంటే "నాన్న రిటైర్ అయ్యేదాక జెర ఓపిక పట్టు లలితా" అన్నాడు. మామయ్య రిటైరయ్యారు. కానీ రాత్రి నిద్రపోవడం ఆయనకు చేతకాలేదు, పగటి నిద్రే కొనసాగింది. ఈలోపు మా అమ్మాయి భవాని పుట్టింది, పసిపిల్ల నిద్ర మొదలైంది. తర్వాత యుగంధర్ ఇంటి నుంచి పని చేసే రోజులొచ్చాయి. నా కాళ్ళ కింద ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉన్నారు.

మామయ్య పోయిన రోజు గురించి కూడా చెప్పాలి. రోజూ రెండుంబావుకి అత్తమ్మ ఆ గది తలుపు దగ్గరికి వెళ్ళేది. కుడి చేతి గాజులు మోగకుండా ఎడమ చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని, తలుపుకి చెవి ఆనించి, ఊపిరి వినేది. ఆ రోజూ విని వచ్చి "పండుకున్నడు" అంది. మూడింటికి మళ్ళీ విని మళ్ళీ అదే మాట చెప్పింది. ఐదింటికి నేను టీ తీసుకుని తలుపు తీస్తే మనిషి చల్లగా ఉన్నాడు. డాక్టర్ చూసి మధ్యాహ్నం రెండు లోపే ప్రాణం పోయి ఉంటుందన్నాడు. మరి రెండుంబావుకి అత్తమ్మ విన్నదేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆమె చేతులకు ఇప్పుడు గాజులు లేవు. అయినా రోజూ రెండుంబావుకి వెళ్ళి, బోసి మణికట్టు పట్టుకుని వింటుంది. పెద్దావిడ, బెంగ అనుకుని మేం చూడనట్టు ఉంటాం.

యుగంధర్ కార్ఖానా ఏరియాలో ఒక గేముల కంపెనీలో పని చేస్తాడు. ఎక్కడో విదేశంలో ఎవరో అనుకున్న ఆటకు ఇక్కడ బొమ్మలు కదిలిస్తారు. ఈసారి వచ్చిన ఆట చిత్రమైన జీవాలను పట్టి కాగితపు లాంతర్లలో పెట్టుకునేది. ఆడేవాళ్ళు ఊరూరా తిరుగుతూ జీవాలను కూడబెట్టుకుంటారు. కొండమీది ఊళ్ళో ఒక చెక్క నాట్యశాల, అందులో ఐదుగురు జపాన్ నర్తకీమణులు, అక్కచెల్లెళ్ళు. ఒక్కొక్కరి దగ్గర ఒక జీవం. వరసగా ఐదుగురితో పోటీపడి గెలవాలి. గెలిచినవాడికి వాళ్ళు జీవాన్ని ఇచ్చేసి, వంగి దండం పెట్టి, మళ్ళీ తమ చోట నిలబడతారు. ఇక వాళ్ళకు ఆటలో పని లేదు. ఎవరు పలకరించినా ఒకటే మాట, "దారి జాగ్రత్త" అని. మా ఇంట్లో వాళ్ళు గడప దాటుతుంటే నేను అనేదీ అదే.

ఆ ఐదుగురి నడకకి మనుషులు కావాలి. నగరంలో పేరున్న డాన్సర్లను పిలిచారు. వాళ్ళు ఎంత మెల్లగా వేసినా అడుగులో ఎగురు పోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి చూడటం అయ్యాక మా ఆయనకు ఇంట్లో మనిషి గుర్తొచ్చింది. "నువ్వు నడుస్తే పిల్లికి సుత వినపడదు. మూడు రోజులు రా, ప్లీజ్" అన్నాడు.

నిజం చెప్పాలంటే పొంగిపోయాను. నెల రోజులు జపాన్ నాట్యం వీడియోలు పెట్టుకుని చూశాను. బొటనవేలు విడిగా ఉండే తెల్ల మేజోళ్ళు, మడమ లేవకుండా నేల మీద జారే పాదం, విసనకర్ర వెనక సగం మొహం. నాకు ఆ జారుడు నేర్చుకునే పనే పడలేదు, పదకొండేళ్ళుగా చేస్తున్నదే. కానీ ఒకటి గమనించాను. ఆ నర్తకి అలా జారుతూ జారుతూ హఠాత్తుగా ఆగుతుంది. కాలెత్తి చెక్క మీద దబ్బుమని కొడుతుంది. సభంతా మోగుతుంది. వాళ్ళది భయంతో వచ్చిన నిశ్శబ్దం కాదు, కావాలని ఉంచుకున్నది. కావాలన్నప్పుడు తీసేస్తారు. ఆ దెబ్బ వేద్దామని యుగంధర్‌ని అడిగాను. "వద్దు లలితా, వాళ్ళకు సాఫ్ట్‌గ కావాలె. నువ్వు ఇంట్ల ఎట్లుంటవో అట్లనే ఉండు" అన్నాడు.

ఆ కంపెనీ హాల్లో నాకు నల్లటి బిగుతు బట్టలు తొడిగి, ఒంటినిండా తెల్లని చిన్న గుండ్లు అంటించారు. చుట్టూ కెమెరాలు. అవి మొహాన్ని పట్టవట, కదలికను మాత్రమే పడతాయి. కెమెరాలు చూసుకునే ఎలీనా అనే అమ్మాయి "అక్కా, నువ్వు కంప్యూటర్ల ఉత్త చుక్కలే" అని నవ్వింది. చూశాను. నల్లని తెర మీద నలభై చుక్కలు నాలాగా నడుస్తున్నాయి. మొహం లేదు, చీర లేదు, వయసు లేదు, అయినా అది నేనే. అమ్మ చూస్తే గుర్తుపడుతుంది. ఈ నడక తప్ప ఇంకేమీ కాకుండా పోయానా అని ఒక్క క్షణం గుబులేసింది. కానీ పదకొండేళ్ళ తర్వాత నలుగురి ముందు నిలబడ్డ సంతోషంలో ఆ గుబుల్ని పక్కకి నెట్టేశాను.

నాలుగు నెలల తర్వాత యుగంధర్ పూర్తికాని ఆటను భవాని ట్యాబ్‌లో వేసి ఇచ్చాడు. ఐదుగురూ నేనే. ఒకామె విసనకర్ర తిప్పితే నా మణికట్టు, ఒకామె కూర్చుంటే నా మోకాలు. ఐదో ఆమెది ఉల్లిపాయ రంగు కిమోనో. అందరికంటే వెనక, ఒక మూసిన తలుపు పక్కన నిలబడుతుంది. చివర్లో పేర్లు పడ్డాయి. 'నృత్య కదలికలు: యుగంధర్ బృందం' అని ఉంది. "నీ పేరు వేస్తే ఇంట్ల మనిషిని తెచ్చిండు అనుకుంటరు" అన్నాడు ఆయన, నేను అడక్కముందే.

ఒకరోజు భోజనాల దగ్గర తనే ఎత్తాడు. "ఆఫీసుల ఒకటి పరేషాన్ అయితుంది. నంబర్ ఫైవ్‌ను ముట్టుకోకుండ రెండు నిమిషాలు వదిలేస్తే చాలు, ఎనకకు తిరిగి ఆ తలుపు కాడికి పోతది. చెవి పెట్టి వింటది. మళ్ళ వచ్చి నిలబడతది. మేం అట్ల పెట్టలే. ఎవర్నడిగినా నేను కాదంటే నేను కాదంటున్నరు."

పెరుగు వడ్డిస్తున్న అత్తమ్మ చెయ్యి ఆగింది. "ఏం వింటది?" అని అడిగింది.

"ఏం వింటదమ్మా, ఆడ గదే లేదు. తలుపు ఉత్త బొమ్మ. ఎనక ఏం చెయ్యలే మేము."

అత్తమ్మ ఆయన కంచంలో పెరుగు వేసింది. గరిటె అంచుకు తగలనివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ట్యాబ్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. వేలు తగిలించలేదు. నలుగురు అక్కలూ విసనకర్రలు ఊపుకుంటున్నారు. కాసేపటికి ఐదో ఆమె తల తిప్పింది. ఎవరో పిలిచినట్టు కాదు, టైమయినట్టు. జారుతూ తలుపు దగ్గరికి వెళ్ళింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. ఆ చేతికి గాజులు లేవు. చెవి ఆనించి నిలబడింది. అది నా కదలిక కాదు. అత్తమ్మది. నలభై ఏళ్ళుగా ఆమె ఒక్కతే చేసేది. ఆమె ఆ హాలు గుమ్మం కూడా ఎన్నడూ తొక్కలేదు.

ఎవరితో చెప్పాలి? చెబితే యుగంధర్ నవ్వుతాడు, అత్తమ్మ నవ్వదు. రెండూ భయమే. చెప్పకుండా వారం గడిపాను. ఆ వారంలోనే ఆయన ఒక కాగితం తెచ్చాడు. ఈ కదలికలను ఇకముందు ఏ ఆటలోనైనా, ఏ పాత్రకైనా, ఎన్నాళ్ళయినా వాడుకోవచ్చునని, పేరు వేయనక్కరలేదని, ఒప్పుకుంటూ నేను సంతకం చేయాలి. "ఉత్త ఫార్మాలిటీ. గురువారం ఆఫీసుకు రా, సాక్షుల ముంగట పెట్టాలె. ఇంకో మాట, ఆ తలుపు కాడ వినుడు ఉంది చూడు, వాళ్ళకు మస్తు నచ్చింది. చూస్తుంటే ఒళ్ళు జల్లుమంటుందట. తియ్యద్దన్నరు" అన్నాడు.

గురువారం పదకొండింటికే వెళ్ళాను. యుగంధర్ మీటింగులో ఉన్నాడు. ఎలీనా నన్ను చూసి పక్కకు తీసుకుపోయింది. "అక్కా, నీకొకటి చూపియ్యాలె. సార్‌కు ఇంక చెప్పలే" అంది. మూడు రోజుల అసలు రికార్డింగు తీసింది. నేను నర్తించినవి కాదు, మధ్యలో విరామాలు. భోజనాలప్పుడు కూడా కెమెరాలు ఆపలేదట, మళ్ళీ సరిచేసుకోవడం కష్టమని. తెర మీద చుక్కలు కుర్చీలో కూర్చున్నాయి, నీళ్ళు తాగాయి. మూల గడియారం రెండుంబావు చూపించింది. చుక్కలు లేచాయి. హాలు చివర సామాన్ల గది తలుపు దగ్గరికి వెళ్ళాయి. ఎడమ చెయ్యి కుడి మణికట్టు మీదికి వచ్చింది. తల వాలింది.

"మొదటి రోజు," అంది ఎలీనా. రెండో రోజుది పెట్టింది. రెండుంబావు. మూడో రోజుది పెట్టింది. రెండుంబావు.

"కంప్యూటర్ ఖాళీ టైముల కదలికలన్నీ తనే ఏరుకుంటది. దీన్ని సుత ఏరుకుంది. కానీ ఏం విన్నవక్కా అక్కడ? ఆ రూముల చీపుర్లే ఉంటయి."

నాకు గుర్తు లేదు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ మూడు రోజుల్లో విరామంలో నేను కుర్చీలోంచి లేచిన గుర్తే లేదు. ఇంట్లో కూడా ఇలా లేస్తున్నానా? ఎన్నాళ్ళుగా? అత్తమ్మ ఆ తలుపు దగ్గర నుంచి తిరిగొచ్చాక నేను వెళ్తున్నానా, ఆమె వెళ్ళకముందు వెళ్తున్నానా? దెయ్యం పట్టిందంటే సాంబ్రాణి వేయించుకోవచ్చు. పట్టింది దెయ్యం కాదు, ఇల్లు. నేనెవరో మొహం లేకుండా గుర్తుపట్టొచ్చని మురిశానే, ఆ గుర్తుపట్టే నడకలో ఇంకొకామె నలభై ఏళ్ళ భయం ఉంది. దాన్ని ఎప్పటికీ, ఎన్ని ఆటల్లోనైనా, ఎంతమంది ఆడవాళ్ళ బొమ్మలకైనా తొడగొచ్చని నేను సంతకం పెట్టాలి.

యుగంధర్ బయటికొచ్చి పెన్ను ఇచ్చాడు. "పెట్టను" అన్నాను.

"ఏందీ?"

"ఐదో ఆమెది మళ్ళీ రికార్డు చేయండి. ఈసారి ఆ తలుపు దగ్గర వినదు. కాలెత్తి కొడుతుంది. నా పేరు వేయండి, అప్పుడు సంతకం."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఆ ఇంట్లో పుట్టినవాడు, కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "లలితా, ఇంట్ల మాట్లాడుకుందాం. లొల్లి చెయ్యకు" అన్నాడు. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఆటో ఎక్కాను.

ఇంటికి చేరేసరికి రెండు దాటింది. తాళంచెవితో తలుపు తీశాను. నూనె పూసిన గడియ, చప్పుడు కాలేదు. భవానికి ఆ రోజు ఒంటిపూట బడి. హాల్లో అత్తమ్మ వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది, మోకాళ్ళకు వేడినీళ్ళ సంచి. ట్యాబ్ నేల మీద ఉంది, ఐదుగురూ విసనకర్రలు ఊపుతున్నారు. పిల్ల కనబడలేదు. నడవాలోకి తొంగిచూశాను.

భవాని తాత గది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, చెవి ఆనించి ఉంది. దానికి ఎనిమిదేళ్ళు. గాజులు వేయమంటే గోల పెడుతుంది, ఆ చేతికి ఎన్నడూ ఒక్కటి లేదు.

"ఏం చేస్తున్నావే?" అన్నాను. అప్పుడు కూడా గుసగుసగానే వచ్చింది నా గొంతు.

"నానమ్మకు మోకాళ్ళు నొస్తున్నయంట. ఇయ్యాల నన్ను వినమంది."

"విన్నావా?"

తలూపింది.

"ఏం వినపడింది?"

భవాని వేలు పెదాల మీద పెట్టుకుంది. "పండుకున్నడు" అంది.

నాకు పట్టింది పట్టింది, నేను పెద్దదాన్ని, ఎలాగో ఒకలా మోస్తాను. దీనికి? పిల్లను పక్కకు జరిపి తలుపు తోశాను. రెండింటికీ ఐదింటికీ మధ్య ఆ తలుపు తీయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత చెడలేదు. నల్ల రగ్గు అంచుల్లోంచి సన్నటి వెలుతురు నేల మీద పడుతోంది. లోపలికి వెళ్ళి రగ్గును పట్టుకుని లాగాను. మేకులు ఒక్కొక్కటే ఊడి గచ్చు మీద పడి మోగాయి. భవాని చెవులు మూసుకుని మంచం వైపు చూసింది.

చెప్పులు విప్పాను. గది మధ్యలో నిలబడి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మోకాళ్ళు పక్కలకు వంచి అరమండిలో కూర్చున్నాను. తొడలు వణికాయి. కుడికాలు ఎత్తి కొట్టాను. మెత్తగా పడింది. పాదానికి అడ్డం పడ్డ పదకొండేళ్ళు దాన్ని నేల దాకా పోనివ్వలేదు. వీరరాఘవమ్మ గారు ఉంటే కళ్ళు తెరిచేది. మళ్ళీ ఎత్తాను. ఈసారి నేలకి తెలిసింది. గూట్లో మామయ్య స్టీలు గ్లాసు గల్లుమంది.

"రా, నా పక్కన నిలబడు" అన్నాను భవానితో. అది కదల్లేదు. దాని కళ్ళు నా వెనక, గుమ్మం వైపు ఉన్నాయి.

అత్తమ్మ వచ్చి నిలబడింది. ఎడమ చెయ్యి కుడి మణికట్టు మీద ఉంది. ఆమె మొహంలో కోపం లేదు. పెళ్ళైన కొత్తలో నా మొహం ఎలా ఉండేదో అలా ఉంది.

"ఏం చేస్తున్నవే" అంది, ఊపిరితోనే. "ఆయన లేస్తడే."

"లేవనీయండి అత్తమ్మా" అన్నాను, వీధిలోకి వినపడేంత గొంతుతో, మళ్ళీ కాలెత్తి.